ఎండలో నేను, నేలమాళిగలో అన్న

నేను చెప్పేవాటిలో సగం కోతలని ఢిల్లీలో మా తెలుగువాళ్లందరికీ తెలుసు. అందుకే ముందుగానే ఒట్టు పెడుతున్నాను: ఇందులో ప్రతి అక్షరం నిజం.

మా అన్న నాకంటే కొద్ది నిమిషాలే పెద్ద. ఇద్దరం ఒకే అచ్చు. ఉద్యోగం కూడా ఒకే మంత్రిత్వశాఖలో. మెట్రో కొత్తగా వచ్చిన రోజుల్లో, ఒక చలికాలం, అన్నకి ఒక కన్ను మసకబారింది. తర్వాత కాలు మొద్దుబారింది. స్కాన్ చూసిన డాక్టరు మల్టిపుల్ స్క్లిరోసిస్ అన్నాడు. ఒంటిని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే మెదడులో, వెన్నులో నరాల మీది పొరను కొరికేస్తుందట.

పక్కనే కూర్చున్న నన్ను చూసి కళ్లద్దాలు సవరించుకున్నాడు. "ట్విన్స్? అచ్ఛా!"

ఆ 'అచ్ఛా' వినగానే కుర్చీ ముందుకి లాక్కున్నాను.

"జన్యువులు ఇద్దరివీ ఒకటే కదా సార్. మరి అన్నకే ఎందుకొచ్చింది? నాకూ వస్తుందా?"

"జన్యువులు ముప్పు పెంచుతాయి, అంతే. ఎండ తగలకపోవడం, పొగ తాగడం, ఎప్పుడో సోకిన ఒక వైరస్, ఇలాంటివి చాలా కలవాలి. ఎవరిలో ఎలా కలుస్తాయో మాకూ పూర్తిగా తెలియదు." నా భుజం తట్టాడు. "ఫికర్ మత్ కీజియే, దిగులొద్దు. మీకు రాదు."

నాకంతా గందరగోళం. చలికాలం మధ్యాహ్నాలు ఆఫీసు పచ్చికలో పల్లీలు నములుతూ, వీపు ఎండకి పెట్టి, సాయంత్రం దాకా రమ్మీ ఆడింది నేను. నేలమాళిగలో ట్యూబులైటు కింద ఫైళ్లు చూసింది అన్న. సరే, ఎండ లెక్క కుదిరింది. కానీ సిగరెట్లు కాల్చిందీ నేనే! వైరస్ సంగతంటారా, చిన్నప్పటి జ్వరాలన్నీ ఒకే మంచం మీద పంచుకున్నాం.

బయటికొచ్చాక అన్న అడిగాడు.

"అంటే ఏంట్రా, పేకాడనందుకు వచ్చిందా నాకు?"

"ఛ, ఆయన అలా అన్లేదు."

"మరేమన్నాడు?"

"నాకూ అర్థం కాలేదురా."

"అర్థం కాకపోయినా చెప్పేస్తావుగా ఎప్పుడూ! ఇవాళేమొచ్చింది?"

ఇంటి దగ్గర మా ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఏమండీ, మీకూ వస్తుందా?"

"రాదన్నాడు డాక్టరు."

"ఆ మాటే అన్నాడా?"

"ఆ మాటే."

ఆమె అక్కడే మెట్టు మీద కూలబడి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఇప్పుడు చెప్పేస్తున్నాను. ఆ ఒక్క మాటా నా కల్పన. డాక్టరు నిజానికి అన్నది: "ఒకే అచ్చు కవలల్లో కూడా చాలాసార్లు రెండో మనిషికి రాదు. కానీ రాదని నేను రాసివ్వలేను. ముందు సిగరెట్లు మానండి." 'మీకు రాదు' అన్నది ఆటోలో ఇంటికొస్తూ నేను కట్టింది. సిగరెట్లు మానేశాను. ఆ మాట మాత్రం చెప్పీ చెప్పీ నేనే నమ్మేశాను, నా కాలు తిమ్మిరెక్కిన రోజున తప్ప.