పిల్‌నామ్ మనవరాలికి పేరు

దక్షిణ కొరియాలోని తోంగ్‌యంగ్ రేవులో ఆల్చిప్పలు విప్పే షెడ్డులో పిల్‌నామ్ పీట కిటికీ పక్కన ఉంటుంది. ఆమె పక్క పీట నాది; మేమిద్దరం ఒకే సందులో పెరిగాం. ముగ్గురు ఆడపిల్లల తరువాత పుట్టిన ఆమెకు, 'ఈసారి తప్పక మగబిడ్డే' అనే అర్థం వచ్చేలా తండ్రి ఆ పేరు పెట్టాడు. తరువాత తమ్ముడు పుట్టాడు. పేరు వచ్చిన పని అయిపోయింది. మనిషి మాత్రం ఆ పేరును మోస్తూ మిగిలింది.

మా సందులో 'చివరిది' అనే అర్థమున్న పేరుతో ఒకతె, 'ఇక చాలు' అనే పేరుతో మరొకతె ఉండేవారు. సాయంకాలం బార్లీ అన్నం ఉడికే వాసనతోపాటు ఆ పేర్లతో తల్లులు పిలిచే కేకలు కొండవాలు దిగి వచ్చేవి. ఆడుతున్నవాళ్లం ఆడుతున్నట్టే వదిలి పరుగెత్తేవాళ్లం. ఆ కేకలు నాకు నేటికీ తీయగానే వినిపిస్తాయి. జ్ఞాపకం న్యాయాన్యాయాలు విచారించదు.

మొన్నటి చలికాలంలో పిల్‌నామ్ కొడుక్కి ఆడపిల్ల పుట్టింది. ఆమె బావగారు, అంటే భర్తకు అన్న, పేర్లు పెట్టే పండితుడి చేత ఒక పేరు రాయించుకుని నేరుగా షెడ్డుకే వచ్చాడు.

“దివ్యమైన పేరమ్మా! దీని వెనకాలే తమ్ముడు నడిచొస్తాడంట.”

పిల్‌నామ్ చేతిలో కత్తి ఆగింది.

“మీ పేరు వెనకాల ఎవరు రావాలని పెట్టారు బావగారూ?”

“మగాడి పేరుకి అదెందుకమ్మా?”

“నేనూ అదే అడుగుతున్నా.”

చుట్టూ ఆల్చిప్పలు విప్పుతున్న ఆడవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు. ఆయన ముఖం ఎర్రబడింది. “అయితే మీరేం పెడతారేంటి?”

“హాయున్. కోడలికి నచ్చింది.”

“అది ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉందిగా! ఒకళ్లు వేసవి అనే అర్థమున్న చైనా అక్షరంతో రాస్తారు, ఇంకొకళ్లు అసలు చైనా అక్షరాలే వద్దంటారు. ఇంగ్లీషు స్పెల్లింగయితే ఎవడి ఇష్టం వాడిది. ఇంతకీ ఎక్కడ పుట్టిందా పేరు?”

“ఎక్కడ పుడితేనేం? పిలిస్తే బాగుందంది కోడలు. నాకది చాలు. ఇంకొకడు పుట్టడానికి నా మనవరాలు దారి ఊడవదు.”

ఆమె విప్పిన ఆల్చిప్పల మాంసం గిన్నెలోకి ఎత్తి ఆయన చేతిలో పెట్టింది.

“అక్కయ్యతో చారు పెట్టించుకోండి. ఆ కాగితం కూడా పట్టుకెళ్లండి.”

బిడ్డ పుట్టిన నూరవ రోజు వేడుకకు ఆమె తెల్లని బియ్యపు రొట్టెలు షెడ్డంతా పంచింది. పేరుకు అర్థమేమిటని ఎవరో అడిగారు.

“ఏమో, నాకు తెలీదు,” అంది పిల్‌నామ్. ఆమె అంత గర్వంగా మాట్లాడగా నేనెన్నడూ వినలేదు.