మా అవ్వా, డ్రమ్ముడు సముద్రమూ

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఈ లోకంలో నిజం చెప్పేవి యంత్రాలేననీ, మనుషులు మధ్యలో అడ్డం వచ్చి పనులు చెడగొడతారనీ. (ఆ వయసులో ఎవరి పిచ్చి వాళ్ళకుంటుంది. నా స్నేహితురాళ్ళకు చీరల పిచ్చి ఉండేది, నాకిది.) బెళుగుప్ప పక్కన ఓ చిన్న పల్లెలో పుట్టి, వాన చినుకు పడితే పంతులే పిల్లల్ని బయటికి పంపి చూసుకోమనే బడిలో చదువుకుని, నేను పోయి పోయి సముద్రంలో ఉప్పు కొలిచే ఉద్యోగంలో చేరాను. మా నాయన ఊరంతా తిరిగి “మా పాపకు సముద్రంలో ఉద్యోగం వచ్చింది” అని చెప్పుకున్నాడు. అందరూ నాకు ఈత వచ్చా అని అడిగారు. మా అవ్వ మాత్రం కాసేపు ఆలోచించి, సముద్రంలో ఉప్పుందని లోకమంతటికీ తెలుసు కదా, మళ్ళీ దాన్ని కొలవడానికి జీతమిచ్చి మనిషిని పెట్టుకోవడమేమిటని అడిగింది. ఆ ప్రశ్నకు నేను చాలా పెద్ద జవాబు చెప్పాను. అవ్వ వినకుండా వక్కాకు నమిలింది.

మా చెన్నై ల్యాబులో తయారైన వస్తువు చూడ్డానికి చపాతీ కర్రంత గొట్టం. నీళ్ళలో ముంచితే అందులో ఉప్పెంతో చెప్తుంది, ఆ అంకె ఫోనుకు పంపుతుంది. రొయ్యల చెరువుల వాళ్ళకూ, ఉప్పును బట్టి చోటు మార్చే చేపల వెంట తిరిగే పడవల వాళ్ళకూ అది పనికొస్తుందని మా ఆశ. చల్లటి ఏసీ గదిలో అది బంగారం. బయట ఎండలో పెడితే మాత్రం ఉప్పు తక్కువ చూపించేది. పైపూత మార్చి కొత్త గొట్టం చేశాం. మా సారుకు (నెమ్మదిగా మాట్లాడే మనిషి, కోపమొస్తే ఇంకా నెమ్మదిగా మాట్లాడేవాడు) దాన్ని మండుటెండలో కొన్నాళ్ళు ఉంచి చూడాలనుంది. మా ఆఫీసు మిద్దె మీద పెడితే పావురాలు ఆగం చేశాయి. అప్పుడాయన నా వైపు చూసి, “నువ్వు సెలవు అడిగావు కదమ్మా, మీ ఊళ్ళో ఎండెలా ఉంటుంది?” అన్నాడు. మా ఊరి గురించి ఎవరైనా గొప్పగా అడిగింది అదే మొదటిసారి. ఆ వచ్చే సోమవారం మీటింగులో ఆయన ఒక్క మాట చెప్పాలి. ఎండకు నిలిచిందంటే గొట్టం సముద్రంలోకి పోతుంది. నిలవలేదంటే అల్మారాలోకి పోతుంది. ఆ అల్మారాలో మాకంటే ముందువాళ్ళు చేసిన గొట్టాలు దుమ్ము పట్టి చాలానే ఉన్నాయి. గొట్టంతో పాటు నా ఉద్యోగమూ అందులోకే పోతుందని సారు చెప్పలేదు, నాకు తెలుసు.

అలా నాలుగైదు క్యాన్ల సముద్రం వెంటేసుకుని బస్సెక్కాను. అనంతపురానికి నీళ్ళు తీసుకుపోతున్నానని తెలిసి కండక్టరు చాలా మెచ్చుకున్నాడు. మూత తీసి వాసన చూశాక ఆ మెప్పు తగ్గిపోయింది. బస్టాండు నుంచి ఊరికి తెచ్చింది మా ట్యాంకరు మామ. మూడు రోజులకోసారి ట్రాక్టరు ట్యాంకరుతో ఊరికి నీళ్ళు తోలేది ఆయనే. మా నాయనకు చిన్ననాటి దోస్తు, మా ఇంట్లో రంజాను సేమ్యా కూడా ఆయన పుణ్యమే. క్యాన్లు ఎత్తిపెడుతూ, “ఏమ్మా, నేను ట్యాంకరు తోల్తాంటే నువ్వు సముద్రాన్నే తెచ్చినావా? నా పొట్ట గొట్టేదానికి గాకపోతే ఏమిది?” అని నవ్వాడు. ఇంటి పక్కన నీడ ఏమాత్రం లేని చోట నీలం డ్రమ్ము పెట్టి, సముద్రం పోసి, గొట్టం దించి, ఆవిరి పోకుండా మూత బిగించాను. పరీక్ష చివర్లో విప్పి పోల్చి చూసుకోవడానికి సారు సీలు వేసి ఇచ్చిన సీసాడు సముద్రపు నీళ్ళు బీరువాలో భద్రంగా పెట్టాను. “ఎవరూ డ్రమ్ము ముట్టుకోవద్దు” అని ఇంట్లో అందరికీ చెప్పి, ఫ్యాను కింద ఫోను పట్టుకుని కూర్చున్నాను.

మొదటి రోజు అంకె కదల్లేదు. పళ్ళెంలో అప్పడం పెడితే వేగేంత ఎండలో కూడా కదల్లేదు. నేను సారుకు ఫోను చేసి కాస్త గర్వంగానే మాట్లాడాను. మరునాడు పొద్దున నిద్ర లేచి చూద్దును కదా, అంకె ఓ మెట్టు దిగి ఉంది. (నేను లేచేసరికి మా ఊళ్ళో సగం పనులు అయిపోయి ఉంటాయి. ఆ సంగతి ఈ కథకు ముఖ్యం.) ఆ పగలంతా అది అక్కడే నిలబడింది. ఆ మరుసటి పొద్దున ఇంకా నాలుగైదు మెట్లు. సారు ఫోను చేశాడు. ఎంత నెమ్మదిగా మాట్లాడాడంటే, రెండుసార్లు ఫోను కట్టయిందేమో అనుకున్నాను. ఎండ మండిపోయే మధ్యాహ్నం కదలని అంకె చల్లటి తెల్లవారుజామున ఎందుకు దిగుతోందని ఏ పిల్లనడిగినా అనుమానపడేది. మేము చదువుకున్నవాళ్ళం కదా, పగటి ఎండకు వడలిన గొట్టం పొద్దుటి చల్లదనానికి లోపల ముడుచుకుంటోందని ఇద్దరం కలిసి ఒక సిద్ధాంతం తయారు చేశాం. సిద్ధాంతం బాగా కుదిరింది, అంకె మాత్రం రోజూ దిగుతూనే పోయింది.

నాకు అన్నం సయించలేదు. సోమవారం దగ్గరకొస్తోంది. సారు “ఇంకో రోజు చూద్దామమ్మా” అన్న గొంతులోనే అల్మారా తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది. అవ్వ నా పక్కన కూర్చుని ఏమైందని అడిగితే, ఉప్పు తగ్గుతోందవ్వా, నా పని అయిపోయింది అన్నాను. అవ్వ నా మొహం నిమిరి, చుట్టుపక్కల ఎన్ని కళ్ళు పడ్డాయో పాపం అని తనలో తాను అనుకుంటూ లేచిపోయింది. నేను పట్టించుకోలేదు. ఆ సాయంత్రం అంకె ఒక్కసారిగా పైకి లేచింది. కొంచెం కాదు, దిగినదాంట్లో చాలావరకు ఒక్క ఎగురుకు ఎక్కి కూర్చుంది. దిగితే సిద్ధాంతం ఉంది, ఎక్కితే మా దగ్గర ఏమీ లేదు. గొట్టం చచ్చిపోయిందనుకున్నాను. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ పోయి డ్రమ్ము మూత తీశాను. నా సముద్రంలో ఒక ఎండుమిరపకాయ తేలుతోంది.

“అవ్వా” అని ఒక్క కేక పెట్టాను. అవ్వ తాపీగా వచ్చి మిరపకాయ వైపు చూసి, “అయ్యో, ఇదొకటి జారిపోయిందే, పొయ్యిలో ఎయ్యాల్సింది” అంది. సంగతేమంటే, నేను ఫ్యాను కింద కునుకు తీస్తుండగా అవ్వ నాకూ డ్రమ్ముకూ కలిపి గుప్పెడు ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీసింది. దిష్టి తీసిన ఉప్పు నీళ్ళలో వేస్తే కరిగిపోవాలి, అది అందరికీ తెలిసిందే. దానికని ఒక చెంబు నీళ్ళు పారబోయడం మా ఊళ్ళో ఎవరికీ మనసొప్పదు. ఎదురుగా డ్రమ్ము నిండా నీళ్ళుండగా ఇంకో చెంబెందుకని అందులోనే వేసింది. పైగా, “ఉప్పు తగ్గిందని ఏడిస్తివి కదా, అదీ సరిపోతాదిలే అనుకున్న్యా” అని చేర్చింది.

అప్పుడు నాకు ఆ పొద్దుటి మెట్లు గుర్తొచ్చాయి. అవ్వా, ఇంతకుముందేమైనా వేశావా అని అడిగాను. తనేమీ వెయ్యలేదంది. మరి తీశావా అంటే తలొంచుకుంది. ఆ తర్వాత ఒక్కొక్కటే బయటికొచ్చింది. ఊళ్ళో ముసలివాళ్ళలో చాలామంది సముద్రం చూసినవాళ్ళు కారు, ఇక చూస్తామన్న ఆశా లేదు. చెంబుడు సముద్రం స్నానం నీళ్ళలో కలుపుకుంటే సముద్రస్నానం చేసినట్టేనని ఎవరికి తోచిందో గాని (ఎవరికో నాకు తెలుసు, ఆమె అప్పుడు నా ఎదురుగానే తలొంచుకుని నిలబడి ఉంది), మొదటిరోజు అవ్వ ఒక్కతే తీసుకుంది, తర్వాత ఒకరి వెంట ఒకరు తెల్లవారకముందే వచ్చి చెంబు ముంచుకుపోతున్నారు. ట్యాంకరు మామ కూడా మంచం పట్టిన తన తల్లి కాళ్ళు కడగడానికి పట్టుకుపోయాడట. అయినా డ్రమ్ము నిండుగానే ఉందేమిటవ్వా అన్నాను. ఆ మాటకు అవ్వకు రోషం వచ్చింది.

“ఒకరింటి నీళ్ళు ఊరికే తీస్కపోతారా ఎవురన్నా? చెంబుకు చెంబు మళ్ళా పోసే పోయినారు. ఒగరు గూడా ఎగ్గొట్టలా. నేను ఆడనే కూసోని చూసినా.”

నేను చాలా గట్టిగా అరవాలని నోరు తెరిచాను. నాకు కోపమొస్తే వీధి చివరిదాకా వినిపిస్తుంది, ఆ పేరు నాకు ఇప్పటికీ ఉంది. అవ్వ నా మొహం చూసి జంకింది. “నాకేం తెలుసు పాపా. మేం పోసినవి మంచినీళ్ళే, తాగే నీళ్ళే” అంది మెల్లగా. నా నోరు అలాగే మూతపడింది. మూడు రోజులకోసారి వచ్చే ట్యాంకరు కింద బిందెలు వరుసగా పెట్టి, ఒలికిన నీళ్ళు కూడా గుడ్డతో అద్ది చెట్టుకు పిండే మనుషులు వాళ్ళు. తాగడానికి దాచుకున్న నీళ్ళలోంచి తలా ఒక చెంబు తెచ్చి, ఎవరూ అడక్కుండానే నా డ్రమ్ములో పోసిపోయారు. నాకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, ఏది ముందో తెలియక రెండూ కలిపి వెళ్ళబోసుకున్నాను. అవ్వ మళ్ళీ దిష్టి తీయాలేమోనన్నట్టు చూసింది.

తర్వాత బీరువాలోంచి సీసా తీశాను. సీలు విప్పి గొట్టాన్ని అందులో ముంచాను. చెన్నైలో ఏ అంకె చూపించిందో అదే అంకె తెర మీద వచ్చి నిలబడింది. గొట్టం బతికే ఉంది. ఇన్ని రోజులూ అది నిజమే చెబుతోంది, నేనే నమ్మలేదు. సారుకు ఫోను చేసి మొత్తం చెప్పాను, మిరపకాయతో సహా. ఆయన అంతా విని, “మీ అవ్వగారిని ఒక చెంబు పోయమనమ్మా, చూద్దాం” అన్నాడు. నేను గొట్టాన్ని మళ్ళీ డ్రమ్ములో దించాను. అవ్వ తలమీద కొంగు సవరించుకుని, మీటింగులో మాట్లాడబోయే మనిషిలా డ్రమ్ము ముందు నిలబడి ఒక చెంబు పోసింది. నేను కర్రతో కలిపాను. అంకె దిగింది, మొదటి పొద్దున దిగినంతే. నా కేక విని వచ్చిన ట్యాంకరు మామ పోశాడు, మళ్ళీ అంతే దిగింది. ఫోనులో సారు నవ్వడం మొదటిసారి విన్నాను. “ఎండ దాన్నేమీ చెయ్యలేదమ్మా. చెంబుడు నీళ్ళు కలిసినా కనిపెట్టింది. సోమవారం నేను సరేనంటాను” అన్నాడు. అవ్వ నా చెవిలో, ఆయప్పకు పెండ్లయిందా అని అడిగింది. (అయింది. ఇద్దరు మనవళ్ళు కూడా.)

ఆ వానాకాలం ముగిశాక మా గొట్టం నెల్లూరు వైపు ఒక తీరానికి కొంచెం దూరంలో, లంగరేసిన నారింజ రంగు ప్లాస్టిక్ బుంగకు కట్టి, మొదటిసారి సముద్రంలో తేలింది. పడవల వాళ్ళు పొద్దున్నే దాని అంకె చూసుకుని వల వేయడం మొదలుపెట్టారు. నువ్వు కూడా వచ్చి చూడమని అవ్వను పిలిచాను. ఈ వయసులో నేనెక్కడికి వస్తాను, సముద్రస్నానం నాకు అయిపోయింది కదా అంది. తర్వాత తనే ఆలోచించుకుని, “అది మనింటికొచ్చి పోయింది. మనమొకసారి పోకుంటే మర్యాద గాదు” అని బయల్దేరింది. నాయన తోడొచ్చాడు. రైల్లో ఎండకు గొంతెండి నాయన నీళ్ళడిగితే, అవ్వ తన సంచిలో ఉన్న సీసా మాత్రం ముట్టుకోనివ్వలేదు. కన్నతల్లి నీళ్ళివ్వలేదని నాయన దారంతా సణుగుతూనే ఉన్నాడు.

తీరానికి చేరాక అవ్వ చెప్పులు విడిచి నీళ్ళ అంచున నిలబడింది. అల వచ్చి పాదాలు తడిపితే ఒక అడుగు వెనక్కి వేసి, మళ్ళీ ముందుకొచ్చింది. దూరంగా బుంగ చూపించి అదే మన గొట్టమన్నాను. అవ్వ తలూపి, సంచిలోంచి సీసా తీసి, మూత విప్పి, మా ఊరి నీళ్ళు మొత్తం చుక్క మిగలకుండా సముద్రంలో పోసింది. ఆ తర్వాతే వంగి, దోసిలి పట్టి, నెత్తిన చల్లుకుంది.

అవ్వ పోయి కొంతకాలమైంది. ఆ గొట్టాలు ఇప్పుడు చాలా తీరాల్లో తేలుతున్నాయి. నాకు ఏసీ గది, పెద్ద తెర, కళ్ళజోడు వచ్చాయి. మనుషులు అడ్డం వస్తారన్న పాత నమ్మకం మాత్రం ఎప్పుడో పోయింది. ఒక్కోసారి పొద్దున్నే తెర మీద అంకె ఏ కారణమూ లేకుండా కొంచెం దిగుతుంది. మా వాళ్ళు కంగారుపడి నన్ను పిలుస్తారు. ఏటి నీరో, వానో అయి ఉంటుంది, చూడండి అంటాను, అదే నిజం కూడా. కానీ వాళ్ళు అటు వెళ్ళాక, ఎవరో తీసుకున్న చెంబు తిరిగి పోసిపోయారని నాలో నేను అనుకుని, కాసేపు ఆ అంకెను అలాగే చూస్తూ కూర్చుంటాను.