పురుగు దాకా దించిన పిట్ట

బేరంలో నన్ను గెలిచినవాళ్ళు అడిలైడ్‌లో ఇంకా పుట్టలేదు. కారు ధర దించాను, ఇంటి ధర దించాను, ఒకసారి పళ్ళ డాక్టరు ఫీజు కూడా దించాను. కానీ నా జన్మకల్లా పెద్ద బేరం వేరే ఉంది. బంగారం లాంటి పిట్టను, నలుగురి ముందు, పురుగు దాకా దించాను. ఆరేళ్ళయింది. ఆ బరువు ఇప్పటిదాకా ఎవరి ముందూ దించలేదు. మీ ముందే.

మాది గుంటూరులో గిన్నెల కొట్టు. ఎదుటివాడు చెప్పిన మొదటి మాట ఒప్పుకోవడం మా ఇంట్లో అప్రతిష్ఠ. మాట నిజమా కాదా అన్నది తర్వాత సంగతి.

అడిలైడ్‌లోనే, మాసన్ లేక్స్ పేటలో నా స్నేహితురాలు సుజాత ఉంటుంది. వాళ్ళ నాన్నగారూ గుంటూరువారే, రిటైరైన లెక్కల మాస్టారు. కుడి కంటికి శుక్లం తీయించుకుని, ఎడమది తిరిగి వెళ్ళాక చేయించుకుందామని కూతురి దగ్గరికి వచ్చారు. పొద్దున్నే చెరువు చుట్టూ నడిచి, కనిపించిన ప్రతి పిట్టనూ నోటుబుక్కులో రాసుకునేవారు. కన్ను బాగుపడిందని ఆయనకు అదే రుజువు. కొన్నాళ్ళు నేనూ ఆయన వెంట నడిచాను. ఈ దేశంలో అంత తీరుబడిగా నడిచిన పొద్దులు నాకు మళ్ళీ దొరకలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం సుజాత పెరట్లో బార్బెక్యూ. బాటిల్‌బ్రష్ చెట్టు ఎర్రగా పూసి ఉంది. మాస్టారి మనవడు ఆ పూల వైపు చూపిస్తూ అరిచాడు.

"తాతా, లుక్! హమ్మింగ్‌బర్డ్!"

"అది అమెరికా వైపు సరుకురా, ఇక్కడ ఉండదు," అన్నారు మాస్టారు. ఆయన రెండడుగులు ముందుకు వేశారు. "ఇది తేనెపిట్ట! మెడ నీలం, పొట్ట పసుపు. పైన క్వీన్స్‌లాండ్ వేడిలో ఉండేది, ఇంత దూరం ఎలా వచ్చిందమ్మా?"

నేను ఫోన్‌తో వీడియో తీస్తూనే బేరం మొదలుపెట్టాను.

"ఇంకొంచెం దిగండి అంకుల్."

"ఎంతకి దిగమంటావ్?"

"పురుగుకి. సీతాకోకచిలుక జాతిలో ఒకటుంది, గాల్లో నిలబడి తేనె తాగుతుంది. అందరూ పిట్టే అనుకుంటారు."

"పురుగుకి మీసాలుంటాయి తల్లీ. దీనికి వంపు ముక్కుంది. రెమ్మ పట్టుకుని కూర్చుంది, చూడు!"

"ఏ కంటితో చూశారంకుల్? కొత్తదా, పాతదా?"

అందరూ పగలబడి నవ్వారు. ఆయనా నవ్వారు. ఈలోగా పిట్ట ఎగిరిపోయింది.

ఇంటికి వచ్చి వీడియో చూశాను. ఒకచోట ఆపాను. రెమ్మ పట్టుకున్న సన్నటి కాళ్ళు. వంపు ముక్కు. పసుపు పొట్ట. నాకు తేనెపిట్ట తెలియక కాదు. మా కొట్టు వెనక తీగకి అది గూడు వేలాడదీస్తే, పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ తీగ మీద గుడ్డ ఆరవేయనివ్వలేదు మా నాన్న.

మర్నాడు మాస్టారు ఫోన్ చేశారు.

"నీ ఫోన్‌లో ఏమైనా పడిందా అమ్మా? ఇక్కడి పక్షుల క్లబ్బుకి రాద్దామని."

"లేదంకుల్. అంతా మసక."

"అయితే కన్ను ఇంకా కుదురుకోలేదన్నమాట," అన్నారు.

అప్పుడు చెప్పాల్సింది. ఎందుకు చెప్పలేదు? ఓడిపోవడం ఇష్టం లేక అంటే అది సగమే నిజం. అందర్నీ నవ్వించింది నేను, ఆ నవ్వు వెనక్కి ఇవ్వాలంటే మళ్ళీ అందరి ముందూ నిలబడాలి, ఒక పిట్ట కోసం అంత అవసరమా అనుకున్నాను. అది పిట్ట సంగతి కాదని ఆయన గొంతు విన్న నాకు తెలియదా? తెలుసు.

ఆయన గుంటూరు వెళ్ళి ఎడమ కంటికి ఆపరేషన్ వద్దన్నారు. "మొదటిదానితోనే పిట్టకీ పురుగుకీ తేడా తెలియలేదు, రెండోది ఎందుకు?" అన్నారట. సుజాత ఈ మాట నాకు నవ్వుతూనే చెప్పింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఆయన నోటుబుక్కు ముట్టుకోలేదు. పోయినేడాది పోయారు.

వాళ్ళ నాన్న వీడియోలు ఏమున్నా పంపమంది సుజాత. అన్నీ పంపాను, అదొక్కటి తప్ప. అందులో ఆయన గొంతుంది, "కూర్చుంది, చూడు!" అని. దాన్ని పంపితే నా సంగతి కూడా వెళుతుంది. ఫోన్లు మూడు మార్చాను, వీడియో మాత్రం వెంట తెచ్చుకుంటూనే ఉన్నాను. ఒక్కోసారి పిట్ట కోసం కాదు, ఆ గొంతు కోసం వింటాను.

ఆపరేషన్‌కి భయపడే మానేశారేమో, ముసలితనమేమో అని నాకు నేనే తగ్గింపు అడిగి చూశాను. కుదరలేదు. నాకు దక్కింది ఒక మధ్యాహ్నం నవ్వు. దానికి ఆయనకు పడిన ఖరీదు ఒక కన్ను, అయిదేళ్ళ పిట్టలు, తన చూపు మీద తనకున్న నమ్మకం. సుజాతకు పడిన ఖరీదు తన తండ్రి గొంతు. అది ఇంకా నా దగ్గరే ఉంది.