మా మామ మందకు సముద్రం చూపించిన రోజు

నా మనవరాలు సముద్రానికి పోయి వచ్చింది. వస్తూ ఒక కాగితం తెచ్చింది. సముద్రం ఒడ్డుకు వచ్చినవాళ్లు ఏమేం చేయవచ్చో అందులో అచ్చు వేశారు. స్నానం చేయవచ్చట, గవ్వలు ఏరుకోవచ్చట, పడవ ఎక్కవచ్చట, దీపస్తంభం చూడవచ్చట, ఏమీ తోచకపోతే ఇసుకలో ఊరికే కూర్చోవచ్చట. నేను యాభై దాటాక ఈ పిల్ల పలక మీదే అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఒక్కో మాటా కూడబలుక్కుని కాగితమంతా చదివాను. ఊరికే కూర్చోమని కూడా అచ్చు వేసి చెబితే తప్ప తెలియని మనుషులు ఉన్నారన్నమాట.

"నువ్వు ఎప్పుడన్నా చూసినావా అవ్వా, సముద్రం?" అని అడిగింది.

"చూసినా. మా మంద కూడా చూసింది" అన్నాను.

పడీపడీ నవ్వింది. అది నవ్వే సంగతి కాదు.

అప్పుడు మద్రాసులో కూర్చుని దొరలు మమ్మల్ని ఏలుతున్నారు. మా పుల్లలచెరువు వైపు ఊళ్లు కర్నూలు జిల్లాలో ఉండేవి. మాది గొర్రెలు కాచుకునే ఇల్లు. నాకు పెళ్లయి ఏడాది కూడా కాలేదు. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. అడవి అంచున గడ్డి మాడిపోయింది. కోతలయ్యాక మంద తోలుకుని మా మామ, అత్త, మా ఆయన, నేను తూర్పుకు బయలుదేరాం. దర్శి దాటి, అద్దంకి దాటి, చీరాల దిగువన వరి మళ్లలో దిగాం. అక్కడి ఆసామి ఒకాయన తన పొలంలో మంద కట్టించుకున్నాడు. అంటే గొర్రెలు అక్కడే పడుకుంటాయి, పొలానికి ఎరువు దక్కుతుంది. మాకు తిండి గింజలు, గొర్రెలకు మేత.

ఆ మందలో ఏడు గొర్రెలు నావి. పుట్టింటివాళ్లు పసుపు పెట్టి ఇచ్చినవి. మా పుట్టింటి గుర్తుగా ఎడమ చెవి కొసన చీలిక ఉండేది. మాలో ఆడపిల్లకు అట్లా ఇచ్చిన గొర్రెలు, వాటి పిల్లలు ఆమెవే. అవి ఉన్నంతకాలం ఆ ఇంట్లో ఆమె మాటకు ఒక చెవి ఉంటుంది. అవి పోతే ఆమె కూడు తినే ఇంకో నోరు, అంతే. నాకప్పటికి అదొక్కటే బాగా తెలుసు. రోజూ పొద్దున లేచి ముందు ఆ ఏడు చెవులు లెక్క చూసుకునేదాన్ని.

ఆసామి మంచివాడే, కాని ఊరి గొప్ప చెప్పుకోకుండా ఉండలేడు. "ఇంత దూరం వచ్చారు, సముద్రం చూడకుండా పోతారా? మూడు మునకలు వేస్తే మూడు జన్మల పాపం పోతుంది" అన్నాడు మా మామతో. తన బావమరిదిని మాకు దారి చూపమని పంపుతానన్నాడు. ఆ బావమరిదికి వేరే పనేమీ ఉన్నట్టు కనబడలేదు.

మా మామ పాపం సంగతి పట్టించుకోలేదు. ఆయన బుర్రలో ఉప్పు దూరింది. మా వైపు గొర్రెలకు వారానికి ఒకసారి రాతి పలక మీద ఉప్పు చల్లి నాకిస్తాం. నాకితే మేత బాగా తింటాయి. దాంతో పాటు మందలో కొన్నింటికి గజ్జి పట్టి ఉంది.

"అంత ఉప్పు ఊరికే పడి ఉంది. మందను దింపితే గజ్జికి గజ్జి పోతాది, ఉప్పుకు ఉప్పు దిగుతాది" అన్నాడు.

"గొర్రెలు నాకేది చిటికెడు ఉప్పు మామా. తాగేదానికీ నాకేదానికీ ఒకటేనా?" అన్నాను.

"నీళ్ల మొహం చూడని ఊరి నుంచి వచ్చి నాకు నీళ్లు చెప్తావా?" అన్నాడు. మా అత్త నన్ను చూసి కళ్లెర్ర చేసింది. మా ఆయన తన చేతికర్రను ఎన్నడూ చూడనట్టు చూసుకుంటూ నిలబడ్డాడు.

అంతటితో ఆగితే పర్వాలేదు. దాహం మీద ఉంటేనే గొర్రె నీళ్లలో దిగుతుందని, సముద్రానికి బయలుదేరిన పొద్దున మామ మందను చెరువు దగ్గరికి పోనీయలేదు. ఎండలో ఆమడ దూరం నడిపించాడు.

సముద్రం కనబడింది. పెద్దదే. నేను కాదనడం లేదు. అంత నీళ్లుండి ఒక్క చెంబుడు తాగడానికి పనికిరాకపోతే దాని పెద్దరికం ఏం చేసుకోను? ఆ రోజు ఏదో పర్వం. ఒడ్డంతా జనం. తాలూకా కచేరీ పంతుళ్లు పంచెలు ఎగ్గట్టి, అల వస్తే కెవ్వుమని వెనక్కి, అల పోతే ముందుకు గెంతుతున్నారు. వాళ్ల ఆడవాళ్లు గవ్వలు ఏరి కొంగున కట్టుకుంటున్నారు. దూరంగా ఒక దొర కుర్చీ వేయించుకుని, గొడుగు పట్టించుకుని, సముద్రం ఎక్కడ పారిపోతుందోనని కాపలా కాస్తున్నాడు. ఆసామి బావమరిది వేలు చూపించి ఒక్కొక్కటే చెబుతున్నాడు: అదిగో దీపస్తంభం, అదిగో పడవ. మేం కళ్లు లేనివాళ్లమైనట్టు.

మా అత్త మూడు మునకలు వేసి, కళ్లు మండి నాలుగో జన్మ తిట్లు తిట్టింది.

మంద అలను చూసి బిగుసుకుపోయింది. మామ, మా ఆయన కలిసి ముందు నడిచే పొట్టేలును కొమ్ములు పట్టి ఈడ్చారు. అది కాళ్లు ఇసుకలో పాతి వెనక్కి లాగుతోంది. పంతుళ్లు మునకలు మాని మా చుట్టూ చేరారు. దొర కూడా కుర్చీ ఇటు తిప్పించుకున్నాడు. ఆ రోజు వచ్చినవాళ్లందరికీ దీపస్తంభం కన్నా మేమే పెద్ద వేడుక.

అల వెనక్కి పోతూ ఒక పల్లంలో నీళ్లు వదిలింది. కదలకుండా చెరువు నీళ్లలాగే ఉన్నాయి. పొట్టేలు అందులో మూతి పెట్టింది. గొర్రెదాటు గురించి చెప్పాలా? మంద మొత్తం దాని మీద పడింది. నేను చీలిక చెవులను వెతుక్కుంటూ మధ్యలోకి దూరాను. ఒకదాన్ని లాగితే ఇంకొకటి దూరేది. దాహం మీద ఉన్న జీవం ఉప్పో చప్పో చూస్తుందా?

"చూసినావా, ఎట్ల తాగుతున్నాయో!" అన్నాడు మామ, పంతుళ్లకు వినబడేట్టు.

ఎండ కొంచెం వాలేసరికి ఆ మురిపెం తీరింది. గొర్రెలు పారుకున్నాయి, ఒకటే నీళ్ల విరేచనాలు. నాలుకలు వేలాడేసి మళ్లీ ఆ పల్లం వైపే తూలుతూ పోతున్నాయి. తాగిన కొద్దీ దాహం. రెండు గొర్రెలు ముందరి కాళ్లు మడిచి కూలబడ్డాయి. వాటిలో ఒకటి నాది. వేడుక అయిపోయిందని పంతుళ్లు వెళ్లిపోయారు. ఆసామి బావమరిది మాత్రం, "మంచినీళ్ల చెరువు ఊళ్లో ఉందిగా" అన్నాడు. ఊరు ఆమడ దూరం.

వల బాగు చేసుకుంటున్న ఒక బెస్త ముసలమ్మ అంతసేపూ చూసి చూసి లేచి వచ్చింది.

"ఏమే పిల్లా, మీ మగాళ్లకు మతి పోయిందా? గొర్రెలకు సముద్రం తాపుతారా ఎవరన్నా?"

"మంచినీళ్లు యాడున్నాయవ్వా?"

"నీ వెనకే. ఆ ఇసుక తిప్ప అవతల, మొగలి పొదల దగ్గర తవ్వు. మేం తాగేవి అవే."

సముద్రం పక్కనే ఇసుకలో మంచినీళ్లంటే ఇంకెవరూ నమ్మరేమో. నేను నమ్మాను. ఎండిన వాగులో చెలమ తవ్వి నీళ్లు తోడుకుని పెరిగినదాన్ని. నీళ్ల మొహం చూడని ఊరు కాబట్టే నీళ్లు ఎక్కడ దాక్కుంటాయో మాకు తెలుసు. తిప్ప దిగి, పచ్చిక కొంచెం నల్లగా ఉన్న చోట మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులా తోడాను. మోచేతి లోతుకు చెమ్మ తగిలింది. ఇంకో జానెడు దిగితే ఊట వచ్చింది. నాలుక మీద వేసుకుని చూశాను. తీపి.

"మామా, తోలకరా! ఒక్కసారి అన్నీ కాదు, నాలుగు నాలుగు!" అని అరిచాను. మామను నేను అరిచి పిలిచింది అదే మొదలు. ఆయన తోలుకొచ్చాడు.

ఊట మెల్లగా వస్తోంది. అదే మేలయింది. దాహం మీద కడుపు పగిలేట్టు తాగితే అదొక చావు. గుక్కెడు తాపి మూతి పక్కకు లాగి, ఇంకోదాన్ని వదిలాను. మా ఆయన పక్కన రెండో గుంత తవ్వాడు. తవ్వుతుంటే నడుముకు కట్టుకున్న గుడ్డలోంచి గవ్వలు జారి గుంతలో పడ్డాయి. నా కోసం ఏరాడట. మంద చస్తుంటే ఈయన గవ్వలు ఏరాడు! ఒక్కొక్కటే తీసి బయట పారేశాను. ఆయన మళ్లీ తవ్వడంలో పడ్డాడు.

పొద్దు గుంకేదాకా అదే పని. నా వీపు సముద్రం వైపు. అది వెనక ఒకటే మోత. తిరిగి చూసే తీరిక నాకు లేదు.

ఆరు చచ్చాయి. నావి రెండు. మిగిలిన ఐదు చీలిక చెవులు మూడో నాటికి మేతకు మూతి పెట్టాయి. మందను విప్పి పడమటికి మళ్లే రోజు ఆసామి దారిలో ఎదురు వచ్చాడు. జరిగింది వినే ఉంటాడు, అయినా ఊరి గొప్ప వదల్లేదు.

"ఎట్లాగుంది పెద్దాయనా, మా సముద్రం?"

మామ మందను అదిలిస్తూ ఆగకుండానే చెప్పాడు.

"ఉందిలే అయ్యా. మా కోడలు తవ్విన గుంతంత లేదు."

దారి పొడుగునా ఏ నీటి దగ్గర ఆగినా, మామ ముందు నా వైపు చూసేవాడు. నేను వంగి ఒక గుక్క నోట్లో వేసుకుని తల ఊపేదాన్ని. ఆ తర్వాతే మంద దిగేది.