ద్రవాల అధ్యాయం

శేషాచలం గారికి రెండు పంతాలు. చారులో ఇంగువ తగ్గకూడదు. తన ఫిజిక్స్ పాఠ్యపుస్తకంలో, తాను చేతితో చేసి చూడని జవాబు ఒక్కటీ అచ్చుకు వెళ్ళకూడదు. మొదటిదాంట్లో భార్య కనకదుర్గ ఆయన్ని ఎప్పుడో దారికి తెచ్చుకుంది. రెండోదాంట్లో ఎవరి తరమూ కాలేదు.

కావలి నుంచి సిడ్నీ వచ్చి ఒక యూనివర్సిటీలో లెక్చరరుగా చేరిన మొదటి ఏడే, ఆయన మాట అర్థం కావడం లేదని పిల్లలు ఫిర్యాదు చేశారు. ఆయన నొచ్చుకుని, పాఠమంతా నోట్సుగా రాసి పంచిపెట్టారు. ఆ నోట్సే పుస్తకమైంది, ఆరు ముద్రణలు పొందింది, ఆయన్ని ప్రొఫెసర్‌ని చేసింది. రిటైరై సిడ్నీ శివారు కెల్లీవిల్‌లోని ఇంట్లో కూర్చున్నాక కూడా ఆయన లోకమంతా ఆ పుస్తకమే.

ఇప్పుడు ఏడో ముద్రణ. ఈలోగా రెండు కళ్ళలోనూ నడిమధ్య చూపు పోయింది. గోడ కనిపిస్తుంది, గోడ మీది గడియారం కనిపించదు. పోయిన చూపు ఇక రాదని డాక్టరు చెప్పేశాడు. పబ్లిషరుకు మాత్రం ఆయన చెప్పలేదు. చివరిదైన ద్రవాల అధ్యాయం సరిచూసి శుక్రవారానికల్లా పంపాలి. గురువారం వచ్చేసింది.

"చదువు దుర్గా."

"పి ప్లస్ హాఫ్ పి వి స్క్వేర్..."

"రెండోది పి కాదే, రో, గ్రీకు అక్షరం. తోక వంగుంటుంది చూడు."

"చూస్తూనే ఉన్నానండీ. నాకన్నీ వంగినట్టే ఉన్నాయి."

కామర్స్ చదివిన మనిషిని ఏమని కసురుకుంటారు? అయినా కసురుకున్నారు. ఆమె కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టింది. పదకొండో లెక్కకు ఆయన మనసులో వచ్చిన జవాబు వేరు, పుస్తకంలో ఉన్నది వేరు. తప్పు అచ్చుదా, ఆమె చదవడంలోదా, తన బుర్రదేనా? తేల్చుకునే దారి లేదు. ఇంకా ఇరవై తొమ్మిది లెక్కలున్నాయి. ఆయనకు భయం వేసింది.

"వెంకీని రమ్మందామా? మీ స్టూడెంటే కదా, ఆఫ్టర్‌నూన్ ఫ్రీగానే ఉంటాడు."

"వాడు చూస్తే వాడు చూసినట్టు. నేను చూసినట్టెట్లా అవుతుంది?"

సాయంత్రం దాకా కుర్చీలోంచి లేవలేదు. చివరికి అన్నారు. "ఈమెయిల్ రాయి. ఈ ఎడిషన్ నేను చెక్ చెయ్యలేకపోయాను, కవర్ మీద నా పేరు తీసెయ్యండి అని."

ఆమె ఏడుస్తూనే టైపు చేసింది.

"స్పెల్లింగులు చూసుకున్నావా?"

"చూశానండీ. పంపనా?"

"ఆగు," అని ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, అలవాటు కొద్దీ తెర మీదికి వంగారు. నడుమ బూడిదరంగు మచ్చ, చుట్టూ తెల్లటి వెలుతురు. తన పేరు అందులో ఎక్కడుందో కూడా తెలియలేదు.

"పంపెయ్," అన్నారు.