పున్నమి గొళ్ళెం

నిఘంటువు ఆఫీసులో ఆమెకు నిప్పుకణిక అని పేరు. కోపమెప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, పెన్సిల్ కొన కొరుకుతూ, ఒక్కో ఇంగ్లీషు మాట పుట్టుపూర్వోత్తరాలు తవ్వుతుంది. ఆ రోజు ‘పిచ్చిపట్టిన’ అనే అర్థమిచ్చే ‘లూనటిక్’ వంతు వచ్చింది. చంద్రుడి లాటిన్ పేరు నుంచి పుట్టిన విశేషణమనీ, వెన్నెల సోకితే మతి చలిస్తుందని పూర్వం నమ్మేవారనీ రాసి, ‘ఇది వట్టి మూఢనమ్మకం’ అని చేర్చింది. ఎడిటర్ ఆ చివరి వాక్యం కొట్టేశాడు.

“అర్థం చెప్పడమే మన పని మేడమ్, తీర్పులెందుకు?”

ఆమె పెన్సిల్ బల్లకేసి కొట్టింది. “ఈ నమ్మకంతోనే మా అక్కను పున్నమి పున్నమికీ గదిలో పెట్టి గొళ్ళెం వేసేవాళ్ళు సార్. అక్క లోపల్నుంచి తలుపు బాదితే, చూశారా, చంద్రుడి ప్రభావం అనేవాళ్ళు. బయట గొళ్ళెం పెడితే మీరైతే బాదరా?”