సింధూరం నీడ

1918. పుదుచ్చేరిలో విషజ్వరం ఇంటింటికీ పాకుతోంది. ఫ్రెంచి దొరల ఆస్పత్రిలో, ఎక్స్‌రే గదిలో పనిచేసేవాణ్ణి. ఏ దెబ్బతో వచ్చినవాళ్ళనైనా ముందు ఎక్స్‌రే తెర వెనక నిలబెట్టి ఊపిరితిత్తులు చూడాలని డాక్టరు దొర ఆజ్ఞ. చీకటి గదిలో తెర మీద అవి వెలిగితే మామూలు వార్డు, నీడ పడితే జ్వరాల కొట్టం. కొట్టంలోకి వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళు తక్కువ.

ఒక ఉదయం ముత్తియాల్‌పేట నుంచి మంగమ్మవ్వ తన ఏడేళ్ళ మనవరాలు చిట్టిని ఎత్తుకొచ్చింది. మెట్ల మీంచి పడి చెయ్యి విరిగింది. పిల్ల తల్లిని వారం కిందటే జ్వరం పొట్టన పెట్టుకుందట. తెర మీద కుడివైపు దట్టమైన నీడ కనిపించింది. దొర కొట్టానికి రాసేశాడు. అక్కడికి అవ్వను రానివ్వరు.

"యాడికి ఎత్తకపోతావు నాయనా? చెయ్యి కదా ఇరిగింది. జొరమే లేదే దానికి."

దొర కళ్ళకంటే నీ కళ్ళు గొప్పవా అని కసిరాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పిల్లను ఎత్తుకుని వరండాలోకి వచ్చి చూసుకుంటే నా చొక్కా ఎర్రగా ఉంది. రక్తమనుకున్నాను. రవిక పైకి తీస్తే ఛాతీ నిండా సింధూరం, కుడివైపు మరీ మందంగా.

వెనకే వచ్చిన అవ్వను అడిగితే, జ్వరం అంటకుండా ఆంజనేయస్వామి సింధూరాన్ని నూనెలో కలిపి రోజూ పట్టిస్తోందట. సింధూరంలో సీసం ఉంటుంది, ఎక్స్‌రే సీసాన్ని దాటలేదు. మందంగా పూసిన చోట తెర మీద నీడే పడుతుంది. ఆ సంగతి చెప్పి, తుడవాలవ్వా అన్నాను. ఆవిడ చేతులు అడ్డం పెట్టింది.

"దీని అమ్మకు పుయ్యలే నాయనా. మరిచిపోయినా. దీనిది కూడా తుడిచేస్తే ఇంకేంది నాకు దిక్కు?"

ఆ యీడు కూతురు నాకూ ఉంది. ఛాతీ మీదది తుడిచి నుదుట పెడదాం, స్వామికి ఆ మాత్రం తెలియదా అని బతిమాలాను. చివరికి తన కొంగు నేను తెచ్చిన నూనెలో ముంచి ఆవిడే తుడిచింది, చంటిబిడ్డకు నలుగు పెట్టినంత మెల్లగా. దొరను ఒప్పించి పిల్లను మళ్ళీ తెర వెనక నిలబెట్టాను. రెండువైపులా వెలిగాయి. దొర చీటీ చించి ఇంకొకటి రాశాడు.

అవ్వ నా తల నిమిరి నూరేళ్ళు బతకమంది. ఆ దీవెన మొయ్యలేకపోయాను. అంతకుముందు నీడ ఉందని నేను కొట్టంలో దింపి వచ్చినవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వాళ్ళలో ఒక్కరి ఛాతీ అయినా తుడిచి చూడలేదు.

ఆ రోజు నుంచి ఎక్స్‌రే గదిలో దీపం ఆర్పేముందు, ఒంటికేం పూశారని ప్రతివాళ్ళనీ అడిగాను. దాచినవాళ్ళు ఒక్కరూ లేరు.